పరీక్షల వారమని గుర్రానికి తెలియదు

అమెరికాలో పశువైద్య డిగ్రీ నాలుగేళ్లు. చివరి ఏడాది చాలావరకు ఆసుపత్రి డ్యూటీలే, రాత్రిళ్లతో సహా. సొంత గుర్రం ఉన్న విద్యార్థులు టైమ్ సరిపోతుందా అని గంటలు లెక్కేస్తారు. నన్నడిగితే గంటల కన్నా క్రమం ముఖ్యం. రోజూ పరిగెత్తే గుర్రాన్ని పరీక్షలని నాలుగు రోజులు కొట్టంలో కట్టేసి, దాణా మాత్రం తగ్గించకుండా పెట్టి, ఐదోరోజు జీను వేస్తే కొన్నిటికి తుంటి కండరాలు రాయిలా బిగుసుకుంటాయి. ఒళ్లంతా చెమట, మూత్రం కాఫీ రంగు. ఆదివారం సెలవిచ్చి సోమవారం బండికి కట్టిన గుర్రాలకు పూర్వం వచ్చింది ఇదే.

స్వారీ లేకపోతే ఈ చదువు ఒత్తిడి తట్టుకోలేమంటారు. నిజమే. పైగా రోజూ ఆరోగ్యమైన గుర్రం నాడి చూసేవాళ్లు నిమిషానికి 28 నుంచి 44 అని బట్టీ పట్టక్కర్లేదు (మిగతావాళ్లకి తప్పదు). కానీ ఈ లాభాల కోసం గుర్రాన్ని పోటీలకు తయారుచేయక్కర్లేదు. వారమంతా వదిలేసి ఆదివారం మూడు గంటలు దౌడు తీయించే కన్నా, బయట పచ్చికలో వదిలి, దాణా తగ్గించి గడ్డి నిండుగా వేయించి, వీలైనప్పుడు నడకన తిప్పడం మేలు. రోజువారీ మేతకీ నీళ్లకీ మనిషిని పెట్టాలంటే ఖర్చే, అదీ ఫీజుల అప్పు మీద. అంత పెట్టుకోలేకపోతే, చదువయ్యేదాకా గుర్రాన్ని నమ్మకమైన రౌతుకి లీజుకివ్వండి.