తిరుగు బండి

ఇంగ్లండులో స్థిరపడిన మనవాళ్ళలో రెండు నమ్మకాలు పాతుకుపోయి ఉన్నాయి. కారు లేనివాడికి ఇక్కడి పల్లెసీమ అందదన్నది ఒకటి. ఒకవేళ అందినా, చలికాలంలో అక్కడ చూడదగ్గదేమీ ఉండదన్నది రెండవది. పదిహేనేళ్ళుగా కారు కొనకుండా షెఫీల్డులో కాపురం చేస్తున్నవాణ్ణి కనుక, ఈ రెండింటికీ సమాధానం చెప్పుకోవలసిన పూచీ నాకుందనిపించి ఇది రాస్తున్నాను.

ముందుగా వెలుతురు సంగతి. డిసెంబరు నడిమికి మా ఊళ్ళో సూర్యుడు ఉదయం ఎనిమిది దాటాక లేస్తాడు, సాయంత్రం నాలుగు కాకముందే సెలవు తీసుకుంటాడు. మొత్తం పగలు 7½ గంటలు. ఇందులో ఒక విశేషం ఉంది. అన్నిటికంటె తొందరగా పొద్దుగూకేది అతి చిన్న పగలు నాడు కాదు, అంతకు వారం పదిరోజుల ముందే. సంక్రాంతి నాటికి సాయంకాలం అప్పుడే అరగంట సాగి ఉంటుంది. ఉదయాలు మాత్రం కొత్త సంవత్సరం వచ్చేదాకా ఆలస్యమవుతూనే ఉంటాయి.

అందువల్ల వేసవి ప్రయాణాన్ని ఉదయం నుంచి మొదలుపెట్టి ఆలోచించవచ్చు గాని, చలికాలపు ప్రయాణాన్ని చివరినుంచి వెనక్కి ఆలోచించుకుంటూ రావాలి. ఈ సూత్రం నాకు నేర్పినవారు ఈ దేశపు పాదచారులు కారు, మా నాన్నగారు.

ఆయన గుంటూరు జిల్లాలో ఆర్టీసీ బస్టాండు కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. 2017లో అమ్మ పోయింది. ఆ చలికాలం మూడు నెలలు ఆయన మా దగ్గర ఉన్నారు. పగలంతా కిటికీ పక్క కుర్చీలో కూర్చునేవారు. నాలుగింటికి వీధిదీపాలు వెలగగానే, "ఇంక ఇవాళ్టికి అయిపోయిందిరా" అనేవారు. ఆ మాట రోజూ వినడం నాకు కష్టంగా ఉండేది. ఎక్కడికైనా వెళదామంటే, "నాకేం చూడాలని లేదు, మీరు వెళ్ళి రండి" అనేవారు.

చివరికి ఊరి ఊసు, కొండల ఊసు ఎత్తడం మానేశాను. షెఫీల్డునుంచి మాంచెస్టరు వైపు పోయే హోప్ వ్యాలీ లైను టైంటేబులు ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టాను. "హేథర్‌సేజ్‌లో దిగి, అక్కణ్ణించి నది వెంట నడిచి, గ్రిండిల్‌ఫర్డ్‌లో ఎక్కాలి. నడక సుమారు 3 మైళ్ళు. ఏ బండికి పోవాలో కాస్త చూసిపెట్టండి" అన్నాను. ఆయన లేచి వెళ్ళి కళ్ళజోడు తెచ్చుకున్నారు.

"ఆఖరి బండి ఎన్నింటికి?" అని అడిగారు.

రాత్రి దాకా ఉన్నాయన్నాను.

"అది లెక్కలోకి రాదు. చీకటి పడకముందు ఆఖరిది ఏది?"

దాన్ని పెన్సిలుతో గుర్తుపెట్టి, వెంటనే దాని ముందు బండి చుట్టూ సున్న చుట్టారు. "ఇదీ మన బండి. ఆ ఆఖరిది స్పేరు. స్పేరు లేని రూటులో చివరి ట్రిప్పును నమ్ముకుని ప్యాసింజర్ని పంపకూడదు" అన్నారు. అప్పట్లో ఆ స్టేషన్లలో బండి గంటకో, రెండు గంటలకో ఒకటి ఆగేది. ఒకటి తప్పిపోతే చలిలో ఎంతసేపు నిలబడాలో ఆయనకు నేను చెప్పనక్కరలేదు.

ఇక నడకకు ఎంతసేపు? 1892లో నేస్మిత్ అనే స్కాట్లండు పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు: గంటకు 3 మైళ్ళు, ఎక్కే ప్రతి 1000 అడుగులకూ మరో అరగంట. నది వెంట దారి కనుక గంటలో అయిపోవాలన్నాను. "ఆ లెక్క చెప్పినప్పుడు ఆయన వయసెంత?" అన్నారు. ముప్పైల్లో ఉన్నాడన్నాను. "నాకు 68. రెండింతలు వెయ్యి. అన్నం తినడానికి అరగంట కలుపు." అలా వెనక్కి లెక్కించుకుంటూ వస్తే, మేము ఇంట్లో ఎన్నింటికి తలుపు వెయ్యాలో తేలింది.

మేము వెళ్ళిన రోజు గడ్డి మీద మంచు గట్టిగా కట్టి ఉంది. "చినగంజాం ఉప్పు కొఠారుల్లా ఉందిరా" అన్నారు నాన్నగారు. ఆ రోజుల్లో ఇక్కడ నడిమధ్యాహ్నం కూడా సూర్యుడు 13 డిగ్రీలకు మించి పైకి రాడు. గుంటూరులో అదే వేళకు 50 డిగ్రీల ఎత్తున ఉంటాడు. అందుచేత చలికాలపు పగలంతా మనకు సాయంకాలంలాగే కనిపిస్తుంది. ఆకులు రాలిపోయిన చెట్ల మధ్యనుంచి డెర్వెంట్ నది, అవతలి కొండ వాలు, సున్నం గాని సిమెంటు గాని లేకుండా రాతిమీద రాయి పేర్చిన గోడలు స్పష్టంగా కనబడుతూనే ఉన్నాయి. వేసవిలో వీటిలో సగం ఆకుల చాటున పోతాయి.

ఒక పొలం కంచె దగ్గర ఆయన ఆగిపోయారు. "ఎవరి పొలమో, అడగకుండా పోవచ్చా?" ఆర్డ్‌నెన్స్ సర్వే పటం తెరిచి, ఆకుపచ్చ గీతలు చూపించాను. సొంత భూముల గుండా కూడా జనానికి నడిచే హక్కున్న దారులవి. పైనున్న బీడు కొండలు మాత్రం అంత తేలికగా దక్కలేదు. 1932 ఏప్రిల్ 24న కొన్ని వందలమంది, ఎక్కువగా మాంచెస్టరు చుట్టుపక్కల పనిచేసుకునే కుర్రవాళ్ళు, నిషేధాన్ని కాదని కిండర్ స్కౌట్ కొండ ఎక్కారు. కాపలావాళ్ళతో జరిగిన పెనుగులాట దరిమిలా ఐదుగురికి జైలుశిక్ష పడింది. 1951లో ఈ ప్రాంతమే బ్రిటనులో మొదటి జాతీయ ఉద్యానవనమయింది. కారు లేనివాడు ఇక్కడికి రాలేడనేవారికి నేను చెప్పే మాట ఇది: ఈ కొండలకోసం పోరాడిన ఆ కుర్రవాళ్ళు రైళ్ళమీద, సైకిళ్ళమీద, కాలినడకన వచ్చినవాళ్ళే. 1963లో బీచింగ్ నివేదిక మూసెయ్యమన్న లైన్లలో మేమెక్కినదీ ఉంది. అది బ్రతికి బయటపడబట్టే మాకు ఆ రోజు దక్కింది.

మరొక లాభం కూడా ఉంది. కారులో వచ్చినవాడు ఎంత దూరం నడిచినా దాన్ని నిలిపిన చోటికే తిరిగి రావాలి. రైల్లో వచ్చినవాడు ఒక ఊళ్ళో దిగి, నడిచి, మరో ఊళ్ళో ఎక్కవచ్చు.

గ్రిండిల్‌ఫర్డ్‌కు మేము పావుగంట ముందే చేరాం. స్పేరు బండి అక్కర పడలేదు. అక్కడ స్టేషను దాటగానే 3½ మైళ్ళ టోట్లీ సొరంగం మొదలవుతుంది. బయటికి వచ్చేసరికి ఇంకా వెలుతురుంది. నాన్నగారు గడియారం చూసుకుని, "రైట్ టైము" అన్నారు. కాసేపాగి, "మీ అమ్మ అయితే ఆ మెట్ల కంచెల దగ్గర నన్ను నాలుగు తిట్టేది" అన్నారు. అమ్మ పోయాక ఆమె మాట ఆయన తనంతట తాను ఎత్తడం అదే మొదలు. ఆ తర్వాత మోకాళ్ళు సహకరించక ఆయన మళ్ళీ రాలేకపోయారు.

చలికాలంలో అమ్మానాన్నలు వచ్చి కిటికీ దగ్గర కూర్చుండిపోయారని బెంగపడే మిత్రులకు నా సలహా ఒకటే. చూడవలసిన స్థలాల జాబితా చదివి వినిపించకండి. వారికి చేతనయిన పనిలో ఒక ముక్క వారికి అప్పగించండి. వంట తెలిసిన అమ్మ అయితే ఆ చలికి ఏది కట్టుకుపోతే బాగుంటుందో ఆవిణ్ణే అడగండి. పల్లెల్లో చాలా పబ్బుల వంటిల్లు మధ్యాహ్నం రెండున్నరకే మూతపడుతుంది కనుక పులిహోర డబ్బా, ఫ్లాస్కులో టీ ఎలాగూ తప్పవు. కాగితం పటం, ఒక టార్చిలైటు, నీళ్ళు ఇంకని బూట్లు ఉండాలి. డిసెంబరు 25న రైళ్ళుండవు. మిగతా రోజుల్లో కూడా మరమ్మతులుంటాయి కనుక, బయలుదేరే ముందు రాత్రి టైంటేబులు మరోసారి చూసుకోండి. తిరుగు బండి ముందు చూసుకోండి.