పట్టికలో లేని మాట

ఛందస్సు బోధించే వానికి కంప్యూటరుతో పనియేమని మీకు తోచవచ్చు. కొన్నేళ్ల క్రితం, ప్రవేశాల వేళ, విద్యార్థుల వివరాలను పై కార్యాలయానికి పంపే బాధ్యత నాపై పడింది. వాటిని ఎక్స్‌ఎంఎల్ రూపంలో పంపాలి. ప్రతి అంశానికీ ముందొక పేరు, చివర ఒక ముగింపు గుర్తు. స్థూలంగా దాని స్వరూపమింతే. ఇది 1998లో ప్రమాణంగా వెలువడింది.

పేరు పెట్టినంత మాత్రాన లోపలి విలువ సరియైనదని నమ్మకమేమి? మార్కుల చోట నూట యాభై పడవచ్చు, తేదీ చోట ఊరి పేరు పడవచ్చు. అందుకే 2001లో ‘ఎక్స్‌ఎంఎల్ స్కీమా’ అనే నియమావళి వచ్చింది. మార్కులు 0కు తగ్గరాదు, 100 దాటరాదు అని హద్దులు విధించవచ్చు. పిన్‌కోడుకు 6 అంకెలుండాలి, మొదటిది సున్న కారాదు అని నమూనా చూపవచ్చు. బోధనా మాధ్యమం ఫలానా మాటలలో ఒకటే కావాలని పట్టిక ఇవ్వవచ్చు. ఉత్పలమాలకు పాదానికి 20 అక్షరాలు, 10వ అక్షరం యతిస్థానం అన్నట్లే ఇదీ ఒక కట్టుబాటు. నాకు ముచ్చట వేసింది.

దస్త్రం పంపితే తిరిగివచ్చింది. ఒక విద్యార్థిని వివరాల దగ్గర దోషమన్నది యంత్రం. ఆమె ఉర్దూ మాధ్యమంలో చదివింది. పట్టికలో తెలుగు, ఆంగ్లం మాత్రమే ఉన్నాయి. గడువు మరి రెండు రోజులే.

“తెలుగు అని వేసేద్దాం సార్, పోతుంది” అన్నాడు గుమాస్తా. వేశాను. యంత్రం మారుమాట లేక అంగీకరించింది.

ప్రక్కనే సర్టిఫికెట్లు పట్టుకొని నిలుచున్న ఆ అమ్మాయి మెల్లగా అన్నది: “నేను ఉర్దూలో గదా సార్ చదివింది!”

నాకు సిగ్గు కలిగింది. నిజాన్ని త్రోసివేసిన యంత్రం నా అబద్ధాన్ని ఆదరించింది. ఆ మాట చెరిపి, కార్యాలయానికి ఉత్తరం వ్రాశాను. మరునాటి సాయంత్రానికి పట్టికలో ‘ఉర్దూ’ చేరింది. చేర్చవలసినది ఒక్క పంక్తి మాత్రమే!

గణయతిప్రాసలు కుదిరినంతనే పద్యంలో నిజముందని చెప్పలేము. స్కీమా సైతం రూపాన్నే పరీక్షిస్తుంది. అంతమాత్రాన కట్టుబాటు వద్దనరాదు. అది లేనినాడు నూటికి నూట యాభై మార్కులూ చెల్లిపోతాయి. విద్యార్థులారా, రేపు మీలో కొందరు ఇట్టి పట్టికలు వ్రాస్తారు. ముగించే ముందు, ఇందులో చోటు దొరకనివారు ఎవరని ఒక్కసారి విచారించండి. చోటు దొరకనివారికి మనం మిగిల్చేది అబద్ధమాడే దారి ఒక్కటే.