కందెన

“కందెన వేయని బండికి కావలసినంత సంగీతము” అని మనవారి సామెత. ఎద్దుబండి యిరుసు ఎండిపోయినచో ఆ సంగతి బండివాడు చెప్పనక్కరలేదు. ఊరి పొలిమేరయందే కిర్రుమని యరచి బండియే చెప్పును. విన్నవారు నవ్వుదురు. ఆ నవ్వునకు సిగ్గుపడియైనను బండివాడు మరునాడు కందెన పెట్టును. లారీకి ఈ మేలు లేదు. ఇంజనులోని చమురు చెడినను అది మూలుగదు. మోయవలసిన బరువును మోసికొని పోవుచునే యుండును. అది అరచునది చివరి గడియయందే. ఈ భేదమును మేము పుస్తకములలో చదివి తెలిసికొనలేదు. మా అవివేకమునకు వెలయిచ్చి తెలిసికొంటిమి.

మా బావమరదికి ట్రెయిలరు లారీ యొకటి కలదు. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమునుండి ఇనుపకడ్డీలను హైదరాబాదునకు చేరవేయుట అతని వృత్తి. 2018వ సంవత్సరములో తయారైన బండిని పాతదిగా కొనెను. యజమానియు అతడే, డ్రైవరును అతడే. కొనునప్పుడు చేసిన అప్పునకు మేము హామీ సంతకము చేసితిమి. సంతకము చేసిన చేతికి సలహా లిచ్చు అధికారము కూడ దానంతట అదే వచ్చునని మనలో అనేకులు తలంతురు. మేమును అట్లే తలచితిమి.

ఒక వేసవి నెలాఖరున అతడు మా యింటికి వచ్చి, “బావగారూ, ఆయిలు మార్చవలసిన కిలోమీటర్లు దాటిపోయినవి. ఫిల్టర్లతో కలిపి పండ్రెండు వేలగును. ఈ నెల వాయిదా నాలుగు దినములు ఆలస్యముగా కట్టవచ్చునా?” అని యడిగెను. ఇంజను మూత యెత్తి యెన్నడును చూచినవారము కాకపోయినను, మేము కుర్చీలో కూర్చుండి నిస్సంకోచముగా, “వాయిదా తప్పినచో మాట పోవును. ఆయిలు వచ్చే నెల మార్చవచ్చును. బండి నడచుచునే యున్నది కదా!” అని సెలవిచ్చితిమి. అతడు మారుపలుకలేదు. హామీ యున్నవారికి ఎదురు చెప్పుట ఋణగ్రస్తునకు కష్టము. ఆ వచ్చే నెలకు మరియొక వచ్చే నెల పుట్టెను.

ఒక రాత్రి రెండు గంటలవేళ, తుని దాటి అన్నవరము చేరకమున్నే, చమురు ఒత్తిడిని తెలుపు ఎర్రదీపము వెలిగెను. అతడు బండిని ప్రక్కకు తీయులోపలనే ఇంజను టకటక కొట్టుకొని బిగిసిపోయెను. సరుకును మరియొక లారీకి మార్చి, బండిని రాజమహేంద్రవరములోని యొక మరమ్మతుశాలకు లాగించిరి. కబురు విని మేము రైలెక్కి పోతిమి.

అచ్చటి మేస్త్రీ వృద్ధుడు. ఇంజను అడుగున నుండు ఛాంబరును విప్పి, అందులోని తారువంటి మడ్డిని వ్రేలితో తీసి మాకు చూపెను. “నల్లబడుట దోషము కాదు, మాస్టరుగారూ. డీజిలు మండినప్పుడు పుట్టు మసిని పట్టి యుంచుటయే ఆయిలు పని. మసిని పట్టినకొలది నల్లబడును. పట్టవలసినంత పట్టిన తరువాత ఇక పట్టలేదు. అప్పుడు చిక్కబడును, ఫిల్టరు పూడిపోవును. పూడిన ఫిల్టరును తప్పించుకొని వడపోయని ఆయిలే లోపలికి పోవును” అని చెప్పెను. పిమ్మట క్రాంకుషాఫ్టునకు ఆనుకొనియుండు బేరింగు రేకును మా చేతిలో పెట్టెను. మెరయవలసిన ముఖమున గోళ్ళతో రక్కినట్లు గాట్లు పడి, అడుగునున్న రాగి బయటపడియుండెను. ఇనుమునకును ఇనుమునకును నడుమ వెండ్రుకకంటె పలుచనైన చమురు పొర యొకటి నిలిచి, రెంటిని తాకనీయక కాపాడునట! ఆ పొర తెగిన నిమిషములలో పని ముగియును. మా యరచేతికి అంటిన ఆ మసి సబ్బుతో కడిగినను రెండు దినములు వదలలేదు. వదలకుండుటయే న్యాయము.

ఖర్చు రెండు లక్షల పదివేల రూపాయలు. బండి ఇరువదిమూడు దినములు కిరాయి లేక పడియుండెను. ఏ వాయిదా తప్పకూడదని మేము ఆయిలును ఆపించితిమో, ఆ వాయిదాలు రెండు వరుసగా తప్పెను.

ఇంటికి వచ్చి ఈ లెక్కను మా గృహిణితో చెప్పితిమి. ఆమె తన తమ్ముని నిందింపలేదు, మమ్మును నిందింపలేదు. “వంటనూనె నిండుకొన్నదని నేను చెప్పినప్పుడు వచ్చే నెల చూతమని మీరెన్నడైన అంటిరా? నన్నొక్కమాట అడిగియుండవలసినది” అని మాత్రము అనెను. ఇంటి వ్యయమును ఇరువదియేండ్లు నడపిన మనిషిని ఆ దినమున మేము అడుగనైన అడుగలేదు. అప్పిచ్చినవారి ఉత్తరమునకు అచ్చుకాగితము, ముద్ర కలవు. చమురు ఉత్తరము వ్రాయదు. వ్రాసినవానికి భయపడి, వ్రాయనిదానిని మరచితిమి.

తరువాత లెక్క కట్టినది ఆమెయే. ఆ బండికి 20,000 కిలోమీటర్లకొకసారి ఆయిలు, ఫిల్టర్లు మార్చవలెను. పండ్రెండు వేలను అంతదూరమునకు పంచగా కిలోమీటరునకు అరువది పైసలు. హైదరాబాదునకు రానుపోను సుమారు 1,250 కిలోమీటర్లు. అనగా ప్రతి యాత్రకు 750 రూపాయలు. కిరాయి చేతికి రాగానే మొదట ఆ సొమ్ము వేరొక డబ్బాలో పడును. తరువాతనే డీజిలు, టోలు, వాయిదా, ఇంటి ఖర్చు. పదునారు యాత్రలకు డబ్బా నిండును. ఇట్టి సులభమైన గణితమును బడిలో పిల్లలకు చెప్పుచు ఇంటిలో చేయనివారము మేము!

ఆయిలు మార్చుటతోనే సంరక్షణము ముగియదు. ఉదయమున బండి సమతలమున నిలిచియుండగా పుల్ల తీసి ఆయిలు మట్టము చూడవలెను. డీజిలు ఫిల్టరులో దిగిన నీటిని, బ్రేకుల గాలితొట్టెలో చేరిన నీటిని వదలవలెను. ట్రెయిలరు తగిలించు పళ్ళెమునకు గ్రీజు పెట్టవలెను. 2020 ఏప్రిలు 1 నుండి వచ్చిన బీఎస్ 6 బండ్లలో ఆయిలు మార్చు అవధి సాధారణముగా దీర్ఘమైనది. కాని పొగ వడపోతకు హాని కలుగకుండ బూడిద తక్కువగల ఆయిలునే వానికి వాడవలెను. చవకయని వేరొకటి పోసినచో నష్టమే. తీసిన పాత ఆయిలును కాలువలో పోయుట ఊరి నీటికి విషము పెట్టుటయే. దానిని అనుమతి పొందిన శుద్ధిశాలలవారికే అప్పగింపవలెనని 2016 నాటి నియమములు చెప్పుచున్నవి.

సంస్కృతమున “స్నేహము” అను పదమునకు చమురనియు, ప్రేమయనియు రెండర్థములు కలవు. పిల్లలకు ఈ రెండును చెప్పుచు వచ్చితిమి గాని రెండును ఒకటే యగునని అప్పుడు తోచలేదు. చరకసంహిత విమానస్థానము మూడవ యధ్యాయమున అగ్నివేశుడు అకాలమరణమును గూర్చి యడుగగా, ఆత్రేయుడు బండియిరుసును దృష్టాంతముగ చూపెను. మంచి యిరుసు తన కాలమునకు తాను అరిగి నశించును. అదియే అధికభారముచేతను, మిట్టపల్లముల దారిచేతను, తోలువాని దోషముచేతను, కందెన లేమిచేతను నడుమనే విరుగును. మనుష్యుని ఆయువు కూడ అట్టిదే యని ఆయన తాత్పర్యము.

ఆ మాట లారీకెంత చెల్లునో లారీవానికి అంత చెల్లును. మోటారు రవాణా కార్మికులకొరకు 1961లో చేసిన చట్టము దినమునకు ఎనిమిది గంటల పని యని నియమించెను. తన బండిని తానే తోలుకొనువానికి ఆగుమని చెప్పు యజమాని యెవడు? అతని యజమాని అతని అప్పే. అప్పునకు నిద్ర లేదు.

కావున, చదువరులారా, మీ బంధువర్గమున ఇట్టివాడొకడున్నచో, యాత్రనుండి వచ్చినవానిని “ఎంత మిగిలినది?” అని మొదట అడుగకుడు. ఆయిలు చూచితివా, నిద్రపోతివా అని యడుగుడు. మేమిప్పుడు అట్లే అడుగుచున్నాము. మొన్న ఆయిలు మార్చునప్పుడు గరాటు పట్టుకొన్నది మేమే. రెండు చుక్కలు మా పంచెపై పడెను. బావమరది నొచ్చుకొని తుడువబోగా, ఉండనిమ్మంటిమి.