పెట్టె విప్పితే భయం పోయింది: మా గూడెంలో మేమే బిగించుకున్న కంప్యూటర్



మన గ్రూపులో చాలామంది "డిగ్రీ అయింది, సిస్టమ్ కొనాలి, ఏది తీసుకోవాలి?" అని అడుగుతున్నారు. కుదిరితే విడి భాగాలు కొని మీ చేతులతోనే బిగించుకోండి అని నా సలహా. డబ్బు పెద్దగా మిగలదు. అసలు లాభం వేరే ఉంది, అది చెప్పడానికే ఈ పోస్టు. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

మాది ఉట్నూరు వైపు ఒక గూడెం. ఏ అప్లికేషన్ పెట్టాలన్నా మండల కేంద్రంలోని నెట్ సెంటరే దిక్కు. ఆటోకి పైసలు, అక్కడ లైను, చివరికి "సర్వర్ డౌన్, రేపు రండి". ఫోన్‌లో నింపుదామంటే ఫోటో సైజు, సంతకం సైజు దగ్గరే ఆగిపోతది. మా చెల్లె పోటీ పరీక్షలకు చదువుతోంది. కంప్యూటర్ మీద రాయాల్సిన పరీక్షకు ఫోన్ మీద ప్రాక్టీస్ చేస్తోంది. అందుకే మేమిద్దరం, ఇంకో ఇద్దరు దోస్తులు కలిసి డబ్బు జమ చేశాం. అందులో ఎక్కువ భాగం మా నాన్న పత్తి అమ్మిన డబ్బు. ఇచ్చేటప్పుడు ఆయన ఒక్క మాట అడిగిండు: "మంచిదే బిడ్డా, ఖరాబైతే ఎవలు బాగుచేస్తరు?"

మా బావ హైదరాబాద్‌లో కంప్యూటర్ రిపేర్ పని చేస్తడు. దండారికి ఊరికి వచ్చినప్పుడు ఈ ప్రశ్న ఆయన ముందు పెట్టాం. "మీరే బాగుచేసుకోవాలంటే మీరే బిగించాలి" అని ఒక కాగితం మీద లిస్టు రాసిచ్చిండు. ప్రాసెసర్ రైజెన్ 5 5600జీ. ఇందులోనే గ్రాఫిక్స్ ఉంటది కాబట్టి వేరే గ్రాఫిక్స్ కార్డు ఖర్చు లేదు. దానికి సరిపోయే ఏఎమ్4 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యామ్‌లు రెండు, 500 జీబీ ఎస్ఎస్‌డీ, 450 వాట్ల ఎస్ఎమ్‌పీఎస్, ఒక కేబినెట్. మదర్‌బోర్డు డబ్బా మీద రైజెన్ 5000కి రెడీ అనే స్టిక్కర్ ఉందో లేదో చూసి తీసుకోమన్నడు. పాత బయోస్ ఉన్న బోర్డు ఈ ప్రాసెసర్‌ను గుర్తుపట్టదట.

పత్తి డబ్బు చేతికొచ్చాక రాత్రి బస్సెక్కి సికింద్రాబాద్‌లో దిగి, చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయాం. అందరూ సీటీసీ అంటారు. మేం కొన్న షాపులో "ఇక్కడే ఫిట్టింగ్ చేసిస్తం, మీతో కాదు" అన్నరు. మా చెల్లె నవ్వి, "కాకపోతే మళ్లీ వస్తం" అంది. ప్రతి భాగానికి బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకుంది. ఆ పని ఎంత అక్కరకొచ్చిందో కింద చెప్తా.

ఇంట్లో పెద్ద బల్ల మీద గుడ్డ పరిచి మొదలుపెట్టాం. బావ ఫోన్‌లో ఉన్నడు. ప్రాసెసర్ కింద 1331 పిన్నులు ఉంటాయి, వెంట్రుకలంత సన్నగా. ఒక మూలన బంగారు రంగు త్రిభుజం ఉంటది. సాకెట్ మూలన ఉన్న గుర్తుతో దాన్ని కలిపి పెడితే తన బరువుకే కూర్చుంటది. నొక్కకూడదు. ర్యామ్ మాత్రం టక్కుమనే దాకా గట్టిగా నొక్కాలి. అది నా చేతికి ఇచ్చి "నువ్వు నాగలి పట్టినోడివి, నొక్కు" అన్నరు దోస్తులు. దీంతో వచ్చే ఫ్యాన్‌కి పేస్టు ముందే పూసి ఉంటది. బోర్డు మీది ప్లాస్టిక్ క్లిప్పులు తీసేసి నాలుగు స్క్రూలు ఎదురెదురు మూలలు మారుస్తూ కొంచెం కొంచెం బిగించాలి. కేబినెట్ నుంచి వచ్చే పవర్ బటన్ వైర్లే అన్నిటికన్నా విసిగించాయి. బోర్డు పుస్తకంలో బొమ్మ చూసుకుంటూ చెల్లె ఒక్కొక్కటీ పెట్టింది. మూడు గంటలు పట్టింది.

స్విచ్ వేశాం. ఫ్యాన్ తిరిగింది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది. ఎవరూ మాట్లాడలేదు. నాన్న గుమ్మం దగ్గరే కూర్చుని చూస్తున్నడు.

బోర్డు మీద డీరామ్ అని రాసి ఉన్న చిన్న లైటు వెలుగుతోందని చెల్లె కనిపెట్టింది. అంటే ర్యామ్ దగ్గర ఆగిందన్నమాట. బావ చెప్పినట్టు కరెంట్ తీసేసి, ఒక ర్యామ్ పక్కన పెట్టి ఒక్కదాంతో వేశాం. స్క్రీన్ వెలిగింది. అదే స్లాటులో రెండోది పెట్టి వేస్తే మళ్లీ నలుపు. స్లాటు బాగుంది, ర్యామ్ పాడు. రెండు నిమిషాల్లో తేలిపోయింది.

ఇక్కడే నాకు అసలు సంగతి అర్థమైంది. షాపులో బిగించి తెచ్చుకుని ఉంటే, ఈ పెట్టె మొత్తం మోసుకుని మళ్లీ పట్నం పోవాలి, వాళ్లు ఏం చెప్తే అది నమ్మాలి. ఇప్పుడేమో జేబులో పట్టే ఒక ముక్క మాత్రమే పట్టుకుని పోయాం. బిల్లు మీద సీరియల్ నంబర్ ఉంది కాబట్టి మార్చి ఇచ్చిండ్రు. మధ్యలో వారం రోజులు 8 జీబీతోనే పని నడిచింది. నాన్న అడిగిన ప్రశ్నకు జవాబు అదే. ఆయనకు ఎవరూ నోటితో చెప్పలేదు, కండ్లతో చూసిండు.

ఇంకో విషయం మన ఊళ్లకు ముఖ్యం. కేబినెట్ ముట్టుకుంటే వేళ్లకు జుమ్మని తగిలేది. ఎస్ఎమ్‌పీఎస్ నుంచి కొద్దిగా వచ్చే కరెంట్ మూడో పిన్ను ద్వారా భూమిలోకి పోవాలి. మన ఇండ్లలో చాలాచోట్ల ఆ మూడో రంధ్రం ఉత్తదే, వెనక వైరు ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి పెరట్లో గుంత తవ్వి, రాడ్ దింపి, ఉప్పు, బొగ్గు వేసి ఎర్తింగ్ చేయించాం. జుమ్మనడం పోయింది. తర్వాత ఒక చిన్న యూపీఎస్ కొన్నాం. కరెంట్ పోయినా ఫారం సేవ్ చేసుకునేంత టైమ్ ఇస్తది. ఒక జాగ్రత్త: ఎస్ఎమ్‌పీఎస్ డబ్బాను మాత్రం ఎప్పుడూ విప్పొద్దు. ప్లగ్గు తీసేసినా లోపల కరెంట్ నిలిచి ఉంటది.

అందులో ఉబుంటు వేసుకున్నాం, అది ఉచితం. ఇప్పుడు గూడెంలో పిల్లల స్కాలర్‌షిప్ ఫారాలు మా ఇంట్లోనే నింపుతున్నాం. ఇంకొకటి కూడా మొదలైంది. మన నార్నూర్ మండలం గుంజాలలో దొరికిన గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. నోటో సాన్స్ గుంజాల గోండి అనే ఫాంట్ ఉచితంగా దొరుకుతది. అది వేసి, లిబ్రే ఆఫీస్‌లో స్పెషల్ క్యారెక్టర్లు తెరిచి, ఒక్కో అక్షరం ఎంచుకుంటూ చెల్లె మా అవ్వ పేరు రాసింది. అవ్వకు చదువు రాదు. అయినా స్క్రీన్ మీద వేలు పెట్టి "ఇది నేనేనా?" అని రెండుసార్లు అడిగింది. ఆమె చెప్పే కథలు ఇప్పుడు నెమ్మదిగా టైప్ చేస్తున్నాం.

మీ హాస్టల్లోనో, స్కూల్లోనో ఆగిపోయి దుమ్ము పట్టిన సిస్టమ్ ఉంటే, సార్‌ను అడిగి, ప్లగ్గు తీసి, మూత విప్పి చూడండి. ర్యామ్ తీసి, తుడిచి, మళ్లీ పెట్టండి. అంతటితో లేచి కూర్చున్నవి నేను రెండు చూశా. లేవకపోతే ఏ లైటు వెలుగుతోందో ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, అందరం కలిసి చూద్దాం. చెల్లెళ్లూ, ఇది మగపిల్లల పని అని పక్కకు జరగొద్దు. మా ఇంట్లో స్క్రూడ్రైవర్ ఇప్పుడు మా చెల్లె దగ్గరే ఉంటది.

జై సేవా.