సౌండ్ బాక్సు ఎటు, స్టాలు ఎటు

మేళా ప్లాను కాగితం చేతికి రాగానే ముందు స్టేజీ ఎక్కడుందో చూడు. స్టాళ్ళ సంగతి తర్వాత. సౌండ్ బాక్సులు ఏ దిక్కుకు మొహం పెడతాయో తేలకుండా ఒక్క గుంజ కూడా నిలబెట్టొద్దు.

మాది పటాన్‌చెరు పారిశ్రామికవాడలో వెల్డింగ్ షెడ్డు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఫ్యాక్టరీలకు ర్యాకులు, గేట్లు, మెట్లు చేస్తాం. చలికాలం వస్తే మాత్రం షెడ్డు ముందు స్టాలు ఫ్రేముల గుట్టలే. సాయంత్రం పాటలు, డప్పులు, ఒగ్గు కథలు ఉండే చేతివృత్తుల మేళాలకు, జాతరలకు స్టాళ్ళు బాగుచేసి, తీసుకెళ్ళి నిలబెట్టడం మా పని.

పాత స్టాలు మరమ్మతంటే రంగు పూయడమనుకుంటారు కొత్తగా వచ్చిన పిల్లలు. రంగు ఆఖర్న. ముందు సుత్తె తీసుకుని ఒక్కో కాలి మీద, నేల నుంచి జానెడు ఎత్తు దాకా కొట్టుకుంటూ వెళ్ళు. ఖంగుమంటే సరే. చప్పగా మోగితే లోపల తుప్పు తినేసిందన్నమాట. వాననీళ్ళు పై మూతిలోంచి దిగి అడుగున నిలుస్తాయి. అందుకే ఏ స్టాలయినా ముందు కాలి దగ్గరే పోతుంది. కుళ్ళిన ముక్క కోసేసి, ఒక సైజు తక్కువ పైపు లోపలికి దించి, దాని మీద కొత్త కాలు తొడిగి వెల్డింగ్ పెట్టు. పై మూతి మూసెయ్. అడుగున చిన్న తూటు వదులు. ఆ తూటు మా ఉస్తాద్ నేర్పింది. బీహెచ్‌ఈఎల్‌లో కాంట్రాక్టర్ల కింద ఏళ్ళ తరబడి పనిచేసి వచ్చిన మనిషాయన. "నీళ్ళు ఎట్లయినా వస్తయి బిడ్డా, పోయే తొవ్వ చూపియ్యి" అనేవాడు. జీఐ పైపు మీద నేరుగా వెల్డింగ్ పెట్టనిచ్చేవాడు కాదు. పైన ఉన్న జింకు పూత గ్రైండరుతో గీకేదాకా హోల్డరు ముట్టుకోనియ్యడు. మాట వినని కుర్రాడొకడు జింకు కాలి లేచిన తెల్లపొగ పీల్చి రాత్రంతా చలిజ్వరంతో వణికాడు. మర్నాడు వాడే అందరికంటే ముందు గ్రైండరు పట్టుకున్నాడు.

పది బై పది స్టాలుకు ముందు ఎత్తు ఎనిమిదడుగులుంటే వెనక ఏడు చాలు, వాన వెనక్కి జారుతుంది. అయితే వెనకాల ఇంకో వరస వీపు ఆనించి ఉంటే ఆ నీళ్ళు వాళ్ళ బట్టల మూటల మీద పడతాయి. రెండు వరసల మధ్య మనిషి నడిచేంత సందు వదలమంటే నిర్వాహకులకు కోపం. ఆ సందులో ఇంకో నాలుగు స్టాళ్ళు అమ్ముకోవచ్చు కదా అని వాళ్ళ లెక్క. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో మంటలు లేచి వందకు పైగా స్టాళ్ళు బూడిదయ్యాక ఆ వాదన కాస్త తగ్గింది. నేను మాత్రం ఇప్పటికీ సందు లేని ప్లానుకు సరుకు దించను.

ఇక సౌండు. ఒక మేళాలో నిర్వాహకులు బొమ్మల వరసంతా స్టేజీకి ఎదురుగా, బేస్ బాక్సుల మొహాన పెట్టించారు. జనం అక్కడే ఉంటారు, బాగా అమ్ముడుపోతుందని వాళ్ళ ఊహ. డప్పు మొదలైంది. అలమరలో ఏనుగులు, అంబారీలు, పెళ్ళికొడుకులు ఒక్కో దెబ్బకు ఒక్కో నూలు ముందుకు జరుగుతూ వచ్చి కిందికి దూకడం మొదలుపెట్టాయి. అమ్మేవాళ్ళు రెండు చేతులతో బొమ్మల్ని పట్టుకుంటారా, బేరం ఆడతారా? పైగా ధర చెప్తే వినపడదు. వేళ్ళు చూపిస్తే మూడొందలంటే మూడు వేలనుకుని కొనేవాళ్ళు వెళ్ళిపోతున్నారు.

ఆ రాత్రి జనం పోయాక నిర్వాహకుడితో మాట్లాడి వరస మొత్తం విప్పాం. స్టేజీ ముందుకు మిర్చి బజ్జీ, చాయ్ బండ్లు తెచ్చాం. వాళ్ళకు వినపడకపోయినా నష్టం లేదు, వాసనే పిలుస్తుంది. బొమ్మల్ని, పెంబర్తి ఇత్తడిని, చేర్యాల పటాల్ని గేటు నుంచి స్టేజీకి వచ్చే దారి పక్కకు జరిపాం. అలమర పలకల అంచుకు అంగుళం ఎత్తు బద్ద కొట్టాం. తెల్లవారేదాకా ఎవరం పడుకోలేదు. మర్నాటి సాయంత్రం ఆ దారిలో జనం ఆగి ఆగి నడుస్తుంటే మా కుర్రాళ్ళు చాయ్ తాగడం కూడా మరిచిపోయి చూశారు. ఆ తర్వాత ప్లాను గీసే ముందే మాకు ఫోను రావడం మొదలైంది.

మేళాలో రాక దారి మంచిది. పాటలయ్యాక అందరికీ ఆఖరి బస్సు తొందర. జాతరలో లెక్క తిరగబడుతుంది. ఇది నాకు చెప్పింది ఏడుపాయలలో గాజులమ్మే ఒక అవ్వ. మంజీర ఏడు పాయలుగా చీలే చోట వనదుర్గమ్మ గుడి, శివరాత్రికి జాతర. "గుడికి పోయేటోళ్ళ చేతుల కొబ్బరికాయ ఉంటది కొడుకా. వచ్చేటప్పుడు చెయ్యి ఖాళీ. నన్ను వచ్చే తొవ్వల కూసోబెట్టు" అంది. అప్పటి నుంచి గాజులు, పూసలు, ఆటబొమ్మలు దర్శనమయ్యాకే తగులుతాయి. అక్కడ రాతినేల తగిలితే మేకు దిగదు. ప్రతి కాలికీ ఇసుక సంచి కట్టాలి. గాలిదుమారం లేస్తే కనాతు తెరచాపలా ఉబ్బుతుంది, కాబట్టి పక్క కనాతుకు పైన మూరెడు వదిలి కట్టు.

గాజులోళ్ళను గాజులోళ్ళ పక్కనే పెట్టు. నాలుగు చోట్ల చూడనిదే ఏ ఆడబిడ్డా కొనదు. పటాలు వేసేవాళ్ళను మాత్రం దూరదూరంగా కూర్చోబెట్టు. వాళ్ళకు బల్ల వద్దు. నేల మీద కూర్చుని కుంచె పట్టే మనిషిని ఎత్తు బల్ల వెనక నిలబెడితే ఉత్త దుకాణం గుమాస్తా అయిపోతాడు. పాత బల్లల కాళ్ళు కోసి అడుగున్నర గద్దెలు చేసి ఇచ్చాం. సిద్దిపేట గొల్లభామ చీరను మడత పెట్టి పేర్చనీయకు, ఆరడుగుల ఎత్తులో కడ్డీ వేసి పరిపించు. భామ తలమీది కుండ దాకా కనపడాలి.

లైట్ల విషయంలో పాతకాలపు హాలోజన్లు లక్క గాజుల దగ్గరికి రానియ్యకు, వేడికి మెత్తబడతాయి. ఇత్తడికి పసుపు వెలుగు, చేనేతకు తెల్ల వెలుగు. స్టేజీ సౌండుకు వేరే జనరేటరు ఉండాల్సిందే. ఒకే లైను మీదైతే డప్పు పడ్డప్పుడల్లా స్టాళ్ళలో లైట్లు మినుకుమంటాయి. ఉత్త వైరును సాకెట్లో పెట్టి అగ్గిపుల్ల గుచ్చేవాడు ఎవడైనా కనిపిస్తే వాడి కరెంటు అప్పుడే తీసెయ్, బతిమాలినా వినకు.

విప్పేటప్పుడు అందరికీ ఇంటి ధ్యాసే ఉంటుంది. అందుకే ఎక్కించేటప్పుడే ముందు కాళ్ళకు ఎర్ర పట్టీ, వెనక కాళ్ళకు పచ్చ పట్టీ పూస్తాం. నట్లు, బోల్టులు ఏ స్టాలువి ఆ స్టాలు గుడ్డ సంచిలో వేసి దాని అడ్డపైపుకే కట్టాలి. బండిలో పైపులు అడుగున, ప్లైవుడ్ నిలువుగా, తడిసిన కనాతు అన్నిటికంటే పైన. షెడ్డుకు చేరగానే కనాతు ఆరబెట్టి, అప్పుడు వెళ్ళు ఇంటికి.