రెండు స్క్రూలు, ఒక జాకీ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసిమ్మని తమ్ముళ్ళు అడిగినప్పుడు హాస్టల్ జ్ఞాపకాలు రాద్దామనుకున్నాను. తీరా కూర్చుంటే గుర్తొచ్చింది ఒక స్క్రూ. ఇంజనీరింగు చదవని మిత్రులు కాస్త ఓపిక పట్టాలి.

బి.టెక్. చివరి సంవత్సరంలో నలుగురం డబ్బులు వేసుకుని చిన్న మిల్లింగ్ మిషను తయారుచేశాం. పైకీ కిందికీ కదిలే తల బరువు సుమారు 10 కిలోలు. దానికి బాల్ స్క్రూ కొన్నాం. 16 మిల్లీమీటర్ల లావు, ఒక చుట్టు తిరిగితే నట్టు 5 మిల్లీమీటర్లు జరుగుతుంది. మామూలు స్క్రూలో మర మీద మర రాసుకుంటుంది. ఇందులో నట్టు లోపల, సైకిల్ చక్రంలో ఉన్నట్టు, ఉక్కు బాల్స్ దొర్లుతాయి. అందుకే ఇచ్చిన శక్తిలో సుమారు 90 శాతం పనికొస్తుంది. ట్రెపిజాయిడల్ స్క్రూలో 40 శాతం వస్తే గొప్ప. ఈ 90 చూసే మురిసిపోయాం. ఖరీదైనదే మంచిదని మా నమ్మకం.

పార్సిల్ వచ్చిన రాత్రి, లోపల ఎలా ఉంటుందో చూద్దామని నట్టును కడ్డీ మీంచి పూర్తిగా తిప్పి తీసేశాను. చేయకూడని పని. బాల్స్ జలజలా రాలి ట్రంకు పెట్టెల కిందికి దొర్లిపోయాయి. ఒక్కోటి 3 మిల్లీమీటర్ల పైచిలుకు. రూములో వాళ్ళందరం బోర్లా పడుకుని సెల్‌ఫోన్ వెలుతురులో వెతికాం. బి.కాం. తమ్ముడొకడు పాత స్పీకరులోని అయస్కాంతం తెచ్చాడు. వాడే లేకపోతే మా ప్రాజెక్టు ఆ రాత్రే ముగిసేది. నట్టు తీయాలంటే కడ్డీ చివర సరైన లావు గొట్టం ఆనించి దాని మీదికి ఎక్కించాలట. ఆ సంగతి తరువాత తెలిసింది. రెండు మూడు బాల్స్ దొరకలేదు, అయినా నడిచింది.

అసలు దెబ్బ అది కాదు. ట్రయల్ రోజు, మిషను ఆపి నా స్నేహితుడు పలక సర్దుతుండగా కరెంటు పోయింది. తల దానంతటదే కిందికి దిగింది. వాడు వేళ్ళు లాక్కున్నాడు. కట్టర్ మొన విరిగింది. వాడు ఆ సాయంత్రం అన్నం తినలేదు, నేనూ తినలేదు.

ఆదివారం ఇంటికెళ్ళి నాన్నకు చెప్పాను. నాన్న బడికి వెళ్ళలేదు, పంచరు షాపులో పని. అంతా విని, "స్క్రూ జాకీ ఎత్తి రాడ్డు వదిలేస్తే బండి దిగుద్దేంట్రా?" అన్నాడు.

దిగదు. అక్కడ రాపిడే తాళం. మేం డబ్బు పెట్టి ఆ రాపిడినే తీసేశాం. 10 కిలోల బరువు మా స్క్రూను వెనక్కి తిప్పే బలం సుమారు 0.07 న్యూటన్ మీటర్లు. కరెంటు లేని మా మోటారు పట్టు అంతకన్నా తక్కువ. రెండు వరుసల లెక్క, కొనకముందే వేయాల్సింది.

బ్రేకున్న మోటారు మా స్తోమతకు మించినది. తలకు ట్రెపిజాయిడల్ స్క్రూ, కంచు నట్టు వేశాం. వేగం తగ్గింది. నట్టులో కొంచెం సందు ఉన్నా బరువు ఎప్పుడూ కిందికే అదుముతుంది కనుక పెద్దగా బాధించలేదు. బాల్ స్క్రూను అడ్డంగా కదిలే బల్లకు మార్చాం. అక్కడ అది బంగారం.

నాన్న జాకీ తల మీది టోపీ కూడా చూపించాడు. కింద స్క్రూ తిరిగినా టోపీ తిరగదు, బండికి ఆని ఉంటుంది. మా క్లాంపులో మామూలు బోల్టు వాడితే బిగించినప్పుడల్లా అల్యూమినియం పలక పక్కకు జరిగేది, పైన గుండ్రటి గీత పడేది. స్వివెల్ టిప్ స్క్రూ అంటే ఆ టోపీయే. చివర కీలు మీద చిన్న బిళ్ళ ఉంటుంది. వాలుగా ఉన్న చోట కూడా కొంచెం వంగి పూర్తిగా ఆనుకుంటుంది. పలక కింద మాత్రం గట్టి ఆధారం ఉండాలి, లేకపోతే ఏ బిళ్ళా కాపాడదు. ఖరీదు బాల్ స్క్రూతో పోలిస్తే లెక్కలోకి రాదు. అవి నాలుగు వేశాక గీతలు పోయాయి.

రివ్యూకి ముందు రోజు తల పైకి లేపి, మెయిన్ స్విచ్ నేనే ఆపాను. అది ఉన్నచోటే ఉంది. దొరకని ఆ బాల్స్ ఇంకా మా పాత రూములోనే ఉండాలి. ఊడ్చేటప్పుడు కనిపిస్తే పారేయకండి తమ్ముళ్ళూ.