పున్నమినాడు భీమిలి దారి

సముద్రాన్ని పగటిపూట మాత్రమే చూసినవారు సగమే చూసినట్టు. మిగతా సగం చూడాలంటే, పది కుటుంబాలు కలిసి ఒక బస్సు అద్దెకు మాట్లాడుకుని, పున్నమినాటి సాయంత్రం విశాఖపట్నం నుంచి భీమునిపట్నం వెళ్ళాలి.

మన తీరం తూర్పుముఖం. పున్నమినాడు పడమట సూర్యుడు కుంకేవేళకే ఇటు చంద్రుడు నీళ్ళలోంచి పైకి వస్తాడు. మర్నాటికి సుమారు ముప్పావుగంట ఆలస్యమవుతాడు గనక తిథి చూసుకునే బయలుదేరాలి.

2002 నుంచి ప్రదర్శనశాలగా వున్న కురుసుర జలాంతర్గామి దగ్గర అందరూ బస్సెక్కవచ్చు. అక్కణ్ణుంచి భీమిలి ముప్ఫై కిలోమీటర్ల లోపే. యెవరి సీట్లో వాళ్ళే కూర్చుంటే, పోయేటప్పుడు కుడివైపువారికీ, వచ్చేటప్పుడు యెడమవైపువారికీ సముద్రం దక్కుతుంది, తగవుండదు. ఋషికొండ దాటాక యెడమచేతి గుట్టమీద బౌద్ధభిక్షువులు నివసించిన తొట్లకొండ. భీమిలిలో డచ్చివారి పాత సమాధులు, గోస్తనీనది సముద్రంలో కలిసేచోటు.

ఇక వెన్నెల భోజనాలు. పులిహోర, దద్ధ్యోజనం సముద్రపుగాలికి రెండింతలు ఖర్చవుతాయి. పిల్లల్ని మాత్రం చీకట్లో నీళ్ళలోకి దిగనివ్వకండి. పైకి నెమ్మదిగా కనిపించే అలకింద లాగేసే ప్రవాహం వుంటుంది.

కిలోమీటర్లకింత, ఆగిన గంటలకింత, డ్రైవరు బత్తా యింత అని ముందే తేల్చుకోవడం అందరూ చేసేదే. చాలామంది మరిచేది మరొకటి: మొదటి విస్తరి డ్రైవరుకు వెయ్యాలి. మనం పాటలు పాడుకునే రెండుగంటలూ అతన్ని నిద్రపోనివ్వాలి. తిరుగుదారిలో మనమంతా నిద్రపోతాం. పది కుటుంబాలకూ అప్పుడు మేలుకుని వుండేవి అతని రెండుకళ్ళే.